బొప్పాయిలో వైరస్ తెగుళ్లు: మందు లేని చోట చేయాల్సిన పనులు

అందరికీ నమస్కారం.

బొప్పాయి రైతులు ఎక్కడ కూర్చున్నా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "వైరస్‌కు ఏ మందు కొట్టాలి?" చివరిదాకా టెన్షన్ పెట్టడం ఎందుకు, జవాబు ఇప్పుడే చెప్పేస్తాను. మందు లేదు. చెట్టులోకి చేరిన వైరస్‌ను బయటికి పంపే మందు ఏదీ పొలంలో వాడకానికి రాలేదు. "వైరస్ మందు" అని ఎవరైనా సీసా చేతిలో పెడితే, దాన్ని కొట్టాక ఆకు నాలుగు రోజులు పచ్చగా కనిపించవచ్చు. వైరస్ మాత్రం ఎక్కడికీ పోదు. కాబట్టి మన చేతిలో ఉన్నది రెండే: తెగులును తొందరగా గుర్తుపట్టడం, అది వచ్చే దారులు మూసేయడం.

తోటలను ముంచే వైరస్ తెగుళ్లలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఉంగరపు మచ్చ తెగులు, రెండోది ఆకుముడత. రెండింటినీ కలిపి "వైరస్ కొట్టింది" అనేస్తుంటాం. కానీ వాటిని మోసుకొచ్చే పురుగులు వేరు, ఆ పురుగుల పద్ధతి వేరు. అందుకని విడివిడిగా చూద్దాం.

ఉంగరపు మచ్చ తెగులులో లేత ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ కలిసిన మొజాయిక్ మచ్చలు వస్తాయి. ఆకు సైజు తగ్గుతుంది, అంచులు ముడుచుకుపోతాయి. తెగులు ముదిరితే ఆకు మొత్తం సన్నగా తాడులా అయిపోతుంది. అయితే ఆకు ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి. ఆకు కాడ చూడండి. చెట్టు పైభాగంలో ఉన్న కాడను, లేత కాండాన్ని వెలుతురుకు తిప్పి చూస్తే, నూనె చేత్తో గీసినట్టు ముదురు ఆకుపచ్చ గీతలు కనిపిస్తాయి. ఈ తెగులుకు నా లెక్కలో అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు అదే. కాయ మీద ఉంగరాలు ఆ తర్వాత సంగతి. అవి కనిపించేదాకా ఆగితే ఆ చెట్టు నుంచి వైరస్ ఈపాటికే పది చెట్లకు పోయి ఉంటుంది. తెగులు సోకిన చెట్టు కాయలు తింటే మనిషికి హాని ఏమీ లేదు. కానీ తీపి తగ్గుతుంది, మార్కెట్‌లో కాయ నిలబడదు.

ఆకుముడతను పోల్చుకోవడం తేలిక. ఆకు కిందికి, లోపలికి ముడుచుకుని బోర్లించిన గిన్నెలా అవుతుంది. ఈనెలు లావెక్కుతాయి. ఆకు చేత్తో నలిపితే తోలులా దళసరిగా, పెళుసుగా ఉంటుంది. కాడలు మెలితిరుగుతాయి. చెట్టు ఎదుగుదల ఆగిపోతుంది. పూత, కాయ దాదాపు ఉండవు. దీన్ని తెచ్చేది తెల్లదోమ.

ఇక్కడ ఒక హెచ్చరిక. వైరస్ అనుకుని చెట్లు పీకేసిన వాటిలో కొన్ని వైరస్ కాకపోవచ్చు. నల్లి, అంటే మొక్క రసం పీల్చే కంటికి ఆనని చిన్న పురుగు, పడితే చిగురు ఆకులు సన్నగా, వంకరగా మారి అచ్చం ఉంగరపు మచ్చ తెగులులాగే కనిపిస్తాయి. భూతద్దం పెట్టి ఆకు అడుగుభాగం చూడండి, కాడ మీద గీతలు ఉన్నాయో లేదో చూడండి. పక్క పొలంలో కొట్టిన 2,4-డి కలుపు మందు గాలికి కొట్టుకొచ్చినా ఆకు తాడులా మారుతుంది. అప్పుడు గాలి వచ్చిన వైపు చెట్లన్నీ ఒకేసారి దెబ్బతింటాయి, తర్వాత వచ్చే చిగురు మెల్లగా మామూలుగా వస్తుంది. వైరస్ అలా రాదు. అక్కడొకటి ఇక్కడొకటి మొదలై, వారం వారం పెరుగుతుంది. కాయలు గడ్డలు కట్టి, పచ్చి కాయ నుంచి పాలు కారుతుంటే బోరాన్ లోపం సంగతి కూడా ఆలోచించాలి. అనుమానం తీరకపోతే ల్యాబ్‌లో వైరస్‌ను గుర్తించే ఎలైసా లేదా పీసీఆర్ పరీక్షతో తేలుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఉంగరపు మచ్చ తెగులును మోసేది పేనుబంక అనే చిన్న రసం పీల్చే పురుగు. అది బొప్పాయి మీద కాపురం పెట్టదు. ఎక్కడి నుంచో ఎగురుకుంటూ వస్తుంది, ఆకు మీద వాలి నోటితో ఒకసారి గుచ్చి రుచి చూస్తుంది, నచ్చక లేచిపోతుంది. ఆ గుచ్చడానికి పట్టేది కొన్ని సెకన్లు. ఆ సెకన్లలోనే వైరస్‌ను అంటించుకుంటుంది, పక్క చెట్టు మీద అంతే సేపట్లో దింపేస్తుంది. "మా తోటలో వెతికినా ఒక్క పేనుబంక లేదు, వైరస్ ఎలా వచ్చింది?" అని అడిగేవారికి జవాబు ఇదే. పురుగుమందు కొట్టినా అది పురుగును చంపేలోగా పని అయిపోతుంది. మందు వాసనకు కంగారుపడి ఇంకో నాలుగు చెట్ల మీద వాలినా వాలుతుంది. అందుకే ఈ తెగులు విషయంలో వారానికోసారి పురుగుమందు కొట్టడం డబ్బు దండగ అని నేను గట్టిగానే చెబుతాను. ఖనిజ నూనె పిచికారీ మాత్రం కొంత పనికొస్తుంది, ఎందుకంటే అది వైరస్ పురుగు నోటికి అంటుకోకుండా అడ్డుపడుతుంది.

తెల్లదోమ కథ వేరు. అది ఎక్కువసేపు రసం పీల్చాకే వైరస్‌ను తీసుకుంటుంది, ఒకసారి తీసుకుంటే రోజుల తరబడి మోస్తుంది. అక్కడ పసుపు జిగురు అట్టలు, వేపనూనె, అవసరాన్ని బట్టి మందు కొంత ఫలితమిస్తాయి.

ఉంగరపు మచ్చ వైరస్ విత్తనం ద్వారా రాదు. నారు దశలో పురుగు ద్వారా వస్తుంది. కాబట్టి నారు ఎక్కడ పెరిగిందన్నదే మొదటి ప్రశ్న. పురుగు దూరని సన్న మెష్ నెట్ కింద పెంచిన నారు తెచ్చుకోండి. నెట్ ఉంటే సరిపోదు, దానికి చిరుగులు ఉన్నాయేమో, తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటోందేమో కళ్లతో చూసి తెచ్చుకోండి. ముసలి తోట, తెగులు తోట పక్కన కొత్త తోట పెట్టొద్దు. అది మీదే అయితే ముందు దాన్ని తీసేసి తర్వాత నాటండి. దోస, గుమ్మడి, సొర, కాకర, పుచ్చ లాంటి తీగజాతి పంటలు బొప్పాయిలో అంతరపంటగా అసలే వద్దు. పేనుబంకకు అవి ఇల్లు, వైరస్‌కూ అవి ఆశ్రయం. మిరప, టమాటా, పొగాకు పక్కన ఉంటే తెల్లదోమతో ఆకుముడత భయం. నాటడానికి నెల ముందే తోట చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ రెండు మూడు వరసలు దట్టంగా వేస్తే, వచ్చే పేనుబంక ముందు వాటి మీద వాలి నోరు తుడుచుకుంటుంది. వెండి రంగు మల్చింగ్ షీట్ వెలుతురుకు మెరిసి పురుగును వాలనివ్వదు, ముఖ్యంగా మొక్కలు చిన్నగా ఉన్న నెలల్లో. మీ ప్రాంతంలో పేనుబంక ఏ నెలల్లో ఎక్కువ ఎగురుతుందో కనుక్కుని, ఆ నెలల్లో నాటకండి.

ఇక చెట్టు పీకడం. అందరూ తలాడిస్తారు, చేసేది కొందరే. పూతకు రాకముందు తెగులు సోకిన మొక్క కాయ ఇవ్వదు, దాన్ని ఉంచుకుని లాభం లేదు. వారానికోసారి తోటంతా తిరిగి, కాడ గీత కనిపించిన మొక్కను ఆ రోజే పీకి, తోట బయట పూడ్చేయండి. బ్రెజిల్‌లోని ఎస్పిరితు సాంతు రాష్ట్రంలో బొప్పాయి సాగు నిలబడటానికి ముఖ్య కారణం ఈ క్రమం తప్పని పీకుడే. కానీ సగం తోట పోయాక, చుట్టూ తెగులు తోటలే ఉన్నాక ఒక్కరు పీకితే ఫలితం ఉండదు. ఇది ఊరంతా కలిసి చేయాల్సిన పని. కాయలు పట్టాక తెగులు వచ్చిన తోటను మాత్రం తొందరపడి తీసేయొద్దు. ఎరువు, నీరు సరిగ్గా ఇచ్చి ఆ కాపు తీసుకోండి, ఆ తర్వాత ఒక్క చెట్టు కూడా మిగల్చొద్దు.

జన్యుమార్పిడి బొప్పాయి గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి నేనే చెప్పేస్తాను. హవాయిలోని పునా ప్రాంతానికి 1992లో ఈ వైరస్ వచ్చి పంట ఘోరంగా పడిపోయింది. మొక్కల వైరస్‌ల శాస్త్రవేత్త డెన్నిస్ గొన్సాల్వెస్ బృందం వైరస్ తొడుగు ప్రోటీన్ జన్యువునే మొక్కలో పెట్టి రెయిన్‌బో, సన్‌అప్ రకాలు తయారుచేస్తే, 1998లో అవి రైతులకు అందాయి, అక్కడి సాగు నిలబడింది. కానీ ఆ రక్షణ అక్కడి వైరస్ రకానికి సరిపోయేలా చేసింది. వేరే ప్రాంతపు వైరస్‌కు రెయిన్‌బో లొంగిపోయిన దాఖలాలు ఉన్నాయి. ఇక "తట్టుకునే రకం" అని అమ్మేవాటిలో వైరస్ రాదని అర్థం కాదు. వచ్చినా కొంత కాపు ఇస్తుందని అర్థం. వైరస్ మాత్రం ఆ చెట్టు నుంచి కూడా పక్క తోటకు పోతుంది.

సరే, ఆకులు తెచ్చినవాళ్లు ఇలా బల్ల మీద పెట్టండి, ఒక్కొక్కటిగా చూద్దాం. కాడ తెంపి ఆకు మాత్రమే తెచ్చినవాళ్లకు మాత్రం నేను గట్టిగా ఏమీ చెప్పలేను.