కోటు మీద నూలుపోగు

అందరికీ నమస్కారం.

బ్రిటిష్ యుద్ధ విమాన పైలట్ పీటర్ టౌన్‌సెండ్ అనగానే ఎవరైనా ఆయన ప్రేమించిన ప్రిన్సెస్ మార్గరెట్ (రెండో ఎలిజబెత్ రాణి చెల్లెలు) దగ్గరే మొదలుపెడతారు. నేను విమానం దగ్గర మొదలుపెడతాను.

1940 ఫిబ్రవరి 3న విట్బీ ఊరి దగ్గర ఒక జర్మన్ బాంబర్ కూలింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ నేల మీద పడ్డ మొదటి శత్రు విమానం అదే (స్కాట్లండ్ లెక్క వేరు లెండి). దాన్ని పడగొట్టిన హరికేన్ యుద్ధ విమానాలకు ముందున్నది టౌన్‌సెండ్. మర్నాడు ఆయనే ఆస్పత్రికి వెళ్లి, గాయపడ్డ జర్మన్ గన్నర్‌ని పలకరించి వచ్చాడు. ఆగస్టు 31న తన విమానమే కూలింది. పారాచూట్‌తో దిగాడు, కాలి బొటనవేలు పోయింది. గాయం పూర్తిగా మానకముందే మళ్లీ ఎగిరాడు.

అలాంటి మనిషి 1944లో ఆరో జార్జి రాజు కొలువులో ఈక్వెరీగా, అంటే రాజు వెంట ఉండే సహాయక అధికారిగా చేరాడు. అప్పటికే పెళ్లయింది. 1952లో విడాకులొచ్చాయి. కోర్టు తప్పు భార్యదే అంది. నాకు మాత్రం అంత తేలిగ్గా అనిపించదు. డ్యూటీ అంటూ ఇంటికి దూరంగా గడిపిన ఏళ్లు ఏ తీర్పులోనూ కనిపించవు.

1953 జూన్ 2, రెండో ఎలిజబెత్ పట్టాభిషేకం. మార్గరెట్ ఆయన యూనిఫాం మీది నూలుపోగును చేత్తో తీసేసింది. అంతే. భర్త ఆఫీసుకు బయల్దేరుతుంటే భార్య తీసేసినట్టు! పక్కనున్న విలేకరులు చూశారు. కొన్నాళ్లకే వాళ్ల ప్రేమ గుట్టు రట్టయింది. ఆమె విదేశీ పర్యటన నుంచి తిరిగి రాకముందే ఆయన్ని బ్రస్సెల్స్‌కి పంపేశారు. ఆయన మారుమాట్లాడకుండా వెళ్లాడు.

1772 నాటి చట్టం ప్రకారం పాతికేళ్లు నిండేదాకా ఆమె పెళ్లికి రాణి అనుమతి కావాల్సి ఉండేది. ఇద్దరూ రెండేళ్లు ఆగారు. పాతికేళ్లు నిండాయి. అయినా విడాకులు తీసుకున్నవాళ్లు మళ్లీ పెళ్లాడటాన్ని ఇంగ్లండ్ చర్చి అప్పట్లో ఒప్పుకునేది కాదు.

జర్మన్ విమానాలకు ఎదురెళ్లినవాడు ఇక్కడెందుకు ఎదురు తిరగలేదని కొందరు అడుగుతారు. నాకు ఆ ప్రశ్నే సరికాదనిపిస్తుంది. ఆకాశంలోనైనా ఆయన చేసింది చెప్పిన మాట వినడమే కదా.

1955 అక్టోబర్‌లో ఒకరోజు ఆయన పెన్సిలు పట్టుకుని కూర్చుని, మార్గరెట్ దేశానికి చెప్పాల్సిన మాటల చిత్తుప్రతి తానే రాశాడు. ఆమె చదివింది. ఒప్పుకుంది. 31న ప్రకటన వెలువడింది. పెళ్లి చేసుకోకూడదని నిర్ణయించుకున్నానని అందులో ఉంది. ఎవరిని అన్నచోట ఆయన పేరు మాత్రమే కాదు, దాని ముందు వైమానిక దళంలోని హోదా కూడా ఉంది: గ్రూప్ కెప్టెన్.