పత్థర్‌గట్టీ వరండా నడిచేవాళ్లది

అందరికీ నమస్కారం. కొట్లు కాసేపు కుర్రాళ్లకు అప్పజెప్పి వచ్చిన పాతబస్తీ వ్యాపారులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నేను చెప్పేది ముఖ్యంగా మీతోనే.

చార్మినార్ చూడాలని వచ్చేవాళ్లు నయాపూల్ దాటి, మదీనా చౌరస్తా మీదుగా గబగబా వెళ్లిపోతారు. దారి పొడవునా ఉన్న పత్థర్‌గట్టీ బజారును పట్టించుకోరు. ముత్యాలో పెళ్లిబట్టలో కొనడానికి ఆగినా, చూపు షోకేసు దాటి పైకి పోదు. ఒక్కసారి తలెత్తి చూడండి. గ్రానైట్ రాయితో కట్టిన కమానులు రోడ్డుకు రెండు పక్కలా బారులు తీరి ఉంటాయి. కమానుకూ కొట్టు గుమ్మానికీ మధ్య వరండా. మే నెల ఎండలోనైనా, జోరువానలోనైనా మనిషి తీరిగ్గా నడవడానికి వదిలిన చోటు అది.

దీని వెనక పెద్ద విషాదం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని నేటికీ చెప్పుకుంటాం. తర్వాత విశ్వేశ్వరయ్యగారు రావడం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడం అందరికీ తెలుసు. 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పేరు మాత్రం ఎక్కువమంది వినలేదు. గాలీ వెలుతురూ లేని ఇరుకు బస్తీలను బాగుచేయడం దాని పని. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఈ బజారుకు రాతి రూపం ఇచ్చింది ఆ బోర్డే.

ఇప్పుడు రోడ్డు వెడల్పు అంటే ఎర్ర గీతలు, సగానికి కోసిన గోడలు, మొండి ఇనుప చువ్వలు. అప్పటివాళ్లు వీధి మొత్తాన్ని ఒకే కట్టడంగా ఆలోచించారు. అందుకే కుతుబ్‌షాహీల నాటి మచిలీ కమాన్ పక్కన కూడా ఈ కమానులు పరాయిగా అనిపించవు. కొత్త కట్టడం పాతదాన్ని ఇంతగా గౌరవించిన చోటు మన నగరంలో ఇంకొకటి చూపించడం కష్టం.

మరి ఆ వరండాలో ఇవాళ నడవగలమా? అట్టపెట్టెలు, బొమ్మలకు తొడిగిన బట్టలు, జనరేటర్లు. కమాను వంపు కనబడకుండా ఫ్లెక్సీలు, పైన చిక్కుపడ్డ వైర్లు. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి బండ్ల మధ్యకు దిగి నడవాల్సి వస్తోంది.

మీ వ్యాపారం తగ్గించుకోమని నేను అడగను. మీ కొట్టు పేరు బోర్డు కమానుకు అడ్డంగా కాకుండా లోపల, గుమ్మం మీద పెట్టండి. రాతికి మేకులు కొట్టకండి, రంగు పూయకండి. సరుకు మీ గడప లోపలే ఉంచండి. వైర్లను భూమిలోకి దించమని అధికారులను అందరం కలిసి అడుగుదాం; ఆ అర్జీ మీద మొదటి సంతకం నాది.