ఆర్డరు రాశాక మందు రోగికి ఎప్పుడు అందుతోంది?

వేదిక మీది పెద్దలకు, డ్యూటీల మధ్య వీలు చేసుకుని వచ్చిన సిస్టర్లకు, హౌస్ సర్జన్లకు నమస్కారం.

ఇన్ఫెక్షన్‌పై శరీరం అదుపు తప్పి తిరగబడి తన అవయవాలనే దెబ్బతీసుకోవడం సెప్సిస్ అని ఈ హాల్లో అందరికీ తెలుసు. 2017లో ప్రపంచంలో దాదాపు 4.9 కోట్ల మందికి ఇది వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక 2020లో ప్రచురించిన అంచనా. షాక్‌లో ఉన్న, అంటే బీపీ ప్రమాదకరంగా పడిపోయిన రోగికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలని, షాక్ లేకుండా సెప్సిస్ అనుమానం మాత్రమే ఉంటే మూడు గంటల్లోపు తేల్చుకోవాలని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇవన్నీ చదివినవాళ్లమే. అయినా ఆలస్యమవుతోందంటే లోపం మన చదువులో కాదు, పని జరిగే తీరులో వెతకాలి.

ఏ వార్డులోనైనా టెంపరేచర్, పల్స్, శ్వాస రాసే టీపీఆర్ చార్టు తీసి చూడండి. టెంపరేచర్, పల్స్ రోగిని బట్టి మారుతుంటాయి. శ్వాస దగ్గర మాత్రం, లెక్కించకుండానే, అందరికీ నిమిషానికి 20. ఆయాసంతో పడుకోలేక దిండుకు ఆనుకుని కూర్చున్న ముసలాయనకూ 20! శ్వాస సరిగ్గా లెక్కించాలంటే ఒక్కో రోగి దగ్గర నిమిషం నిలబడాలి. 40 మంచాల వార్డులో రాత్రిపూట ఆ ఒక్క పనికే 40 నిమిషాలు కావాలి. ఆ సిస్టరును తప్పుపట్టే ముందు డ్యూటీ లిస్టు వేసినవాళ్లను అడగాలి. పైగా వృద్ధుల్లో జ్వరం ఉండకపోవచ్చు. ఊళ్లో ఇంజెక్షన్ చేయించుకుని వచ్చినవారికి అప్పటికే తగ్గి ఉండవచ్చు. "పొద్దుటి నుంచి మాట తేడాగా ఉందండీ" అని కూతురు చెబితే, థర్మామీటరు కంటే ఆ మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

వానల తర్వాత మన జిల్లాల్లో కనిపించే స్క్రబ్ టైఫస్, అంటే సన్నటి పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం, ఇంకో చిక్కు. మెరోపెనెం లాంటి బలమైన యాంటీబయాటిక్ ఎంత త్వరగా ఎక్కించినా దానిపై పనిచేయదు, డాక్సీసైక్లిన్ అనే మందు కావాలి. చంకలోనో గజ్జల్లోనో పురుగు కుట్టిన చోట నల్లటి పెచ్చు కనిపిస్తే సగం దారి దొరికినట్టే. కానీ కర్టెన్ లేని క్యాజువాల్టీలో, చుట్టూ పదిమంది బంధువులు నిలబడి ఉండగా, ఒక మహిళా రోగిని అలా పరీక్షించడం ఎవరికి సాధ్యం?

ఇక డాక్టర్ మందుకు ఆర్డరు రాశాక ఏమవుతోంది? రక్తంలో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్ష సీసాలు స్టోర్‌లో ఉంటాయి, తాళం మరొకరి దగ్గర ఉంటుంది. మందు లేకపోతే చీటీ పట్టుకుని రోగి కొడుకు బయటి మెడికల్ షాపుకు పరుగెత్తుతాడు. కల్చర్‌కు రక్తం తీశాకే యాంటీబయాటిక్ ఇవ్వడం మంచిదే, కానీ అందుకు ముప్పావు గంట దాటేలా ఉంటే ఆగకూడదు. బీపీ పడిపోయిన రోగికి కిలోకు 30 మిల్లీలీటర్ల సెలైన్ అంటే, 50 కిలోల మనిషికి లీటరున్నర, అంటే అరలీటరు సీసాలు మూడు. అవి స్టాండుకు వేలాడుతున్నా, బీపీ పడిపోయి నరం దొరకక మరో పావుగంట పోతుంది.

రాత్రి రెండింటికి తన పై డాక్టరైన పీజీని లేపడానికి హౌస్ సర్జన్ జంకుతాడు. సార్ ఏమంటారోనని సిస్టర్ ఆగుతుంది. ఫలానా బీపీ, ఫలానా శ్వాస కనిపిస్తే ఫోన్ చేసి తీరాలని ఆసుపత్రి రాతపూర్వకంగా చెబితే, ఆ భారం జూనియర్ల మీద ఉండదు. కల్చర్ సీసాలు, రెండు రకాల యాంటీబయాటిక్‌లు, డాక్సీసైక్లిన్ క్యాజువాల్టీలోనే ఒక ట్రేలో ఉంచి, తాళం డ్యూటీ సిస్టర్‌కు ఇవ్వండి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, సూపరింటెండెంట్ గారి సంతకం చాలు.

చివరిగా, రెండో డోసు గురించి. ఆరు గంటలకోసారి ఇవ్వాల్సిన మందు క్యాజువాల్టీలో రాత్రి 11కు పడితే, మళ్లీ తెల్లవారి 5కు పడాలి. ఈలోగా రోగి వార్డుకు మారతాడు. అక్కడ మందులిచ్చే వేళ ఉదయం 8. డ్యూటీ మారే హడావిడిలో అది 9 కూడా కావచ్చు. కాబట్టి రోగిని పంపేటప్పుడు కేసు షీటు మొదటి పేజీలోనే "తర్వాతి డోసు 5 గంటలకు" అని ఎర్ర సిరాతో రాయండి. స్ట్రెచర్ వెంట వెళ్లేవారు వార్డు సిస్టర్‌కు ఆ మాట నోటితోనూ చెప్పాలి.