పట్టాల వెంట పుట్టిన పట్టణాలు

శ్రోతలకు నమస్కారం. ఊరున్న చోటికి రైలు వస్తుందన్నది మనకు అలవాటైన వరుస. 19వ శతాబ్దపు అమెరికా పశ్చిమ భాగంలో చాలాచోట్ల ఈ వరుస తారుమారైంది. రైలు కంపెనీ ముందు దారి గీసుకుని, ఆ దారి పొడవునా ఊళ్లను తానే పుట్టించి, వాటిని ప్లాట్లుగా కోసి అమ్ముకుంది.

దీనికి మూలం 1862లో లింకన్ సంతకం చేసిన పసిఫిక్ రైల్వే చట్టం. పట్టాలు వేసిన ప్రతి మైలుకూ 10 సెక్షన్ల భూమిని, చదరంగపు బల్లలా ఒక గడి విడిచి ఒక గడి చొప్పున, ప్రభుత్వం కంపెనీలకు ఇచ్చింది. 1864లో దానిని 20 సెక్షన్లకు పెంచింది. సెక్షను అంటే 640 ఎకరాలు కనుక, మైలుకు 12,800 ఎకరాలన్నమాట. అది ఎవరూ లేని నేల కాదు. షయెన్, లకోటా వంటి తెగలవారు వేటాడి బతికిన మైదానాలవి. 1867లో యూనియన్ పసిఫిక్ కంపెనీ వ్యోమింగులో వెలయించిన పట్టణానికి షయెన్ అనే పేరు పెట్టారు. నేల పోయి, ఆ జాతి పేరు స్టేషను బోర్డు మీదికి ఎక్కింది.

కొనేవాడు లేని భూమికి ధర రాదు, సరుకు ఎక్కించే ఊరు లేని రైలుకు రాబడి రాదు. పైగా ఆవిరి ఇంజనుకు దారిలో నీళ్లూ బొగ్గూ అందుతూ ఉండాలి. అందువల్ల కంపెనీ మనుషులు కొంత కొంత దూరంలో స్టేషన్లు గుర్తించి, మన దగ్గర వెంచర్ వేసినట్టే వీధులు గీసి, రాళ్లు పాతారు. నెబ్రాస్కాలో బర్లింగ్టన్ అనే రైలు కంపెనీ మార్గం మీది ఊళ్లు చూడండి: క్రీట్, డార్చెస్టర్, ఎక్సిటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్. ఇంగ్లీషు అక్షరమాల వరుసే! ఊరికి పేరు పెట్టడానికి ఊరివాళ్లే ఇంకా లేనప్పుడు అక్షరాలే దిక్కు.

పుట్టించిన ఊళ్లన్నీ నిలవలేదు. 1868 వేసవిలో వ్యోమింగులోనే బెంటన్ అనే గుడారాల ఊరు వెలిసింది. తాగే నీళ్లు కూడా నార్త్ ప్లాట్ నది నుంచి బళ్ల మీద తెచ్చుకోవలసిన చోటు అది. పట్టాల పని ముందుకు సాగిపోగానే జనం గుడారాలు విప్పుకుని వెంట నడిచారు. మూడు నెలలకే ఊరు లేదు.

రైలు కాదన్న ఊరి సంగతి డెన్వర్‌కు తెలుసు. బంగారం ఆశతో 1858లో వెలసిన ఆ పట్టణాన్ని తప్పించి, యూనియన్ పసిఫిక్ సుమారు 100 మైళ్లు ఉత్తరంగా షయెన్ మీదుగా వెళ్లిపోయింది. జనాభా లెక్కల్లో 1860లో 4,749 మంది ఉండగా, 1870లో 4,759 మంది తేలారు. పదేళ్లలో పెరిగింది పది మంది! ఊరి పెద్దలు తామే పూనుకుని షయెన్ దాకా సొంత మార్గం వేయించుకున్నారు. 1870 జూన్‌లో అది పూర్తయింది. 1880 నాటికి జనాభా 35,629.

లాస్ వేగాస్‌ది మరో తీరు. అక్కడ పట్టాలకు పడమర ఒక సర్వేయరు అప్పటికే ప్లాట్లు వేసి అమ్మాడు, జనం స్థిరపడుతున్నారు. 1905 మే 15న రైలు కంపెనీ తూర్పున ఉన్న తన 110 ఎకరాలను వేలానికి పెట్టింది. పడమటి వ్యాపారులు పలువురు సామాను సర్దుకుని పట్టాలు దాటారు.