ఐదు స్విచ్‌ల వ్యాపారం: అటారీకి బయటివాళ్లు చేసిన జాయ్‌స్టిక్‌లు

అందరికీ నమస్కారం.

1977లో అమెరికాలో అటారీ కంపెనీ వీసీఎస్ అనే వీడియో గేమ్ కన్సోల్‌ని అమ్మకానికి పెట్టింది. 1982లో దాని పేరు 2600 అని మార్చారు. మనం ఆ పేరే వాడదాం. దాని జాయ్‌స్టిక్ మూత విప్పి చూస్తే లోపల ఒక్క చిప్ కూడా ఉండదు. చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద ఐదు స్విచ్‌లు, బయటికి వెళ్లే ఆరు వైర్లు, అంతే. నాలుగు స్విచ్‌లు నాలుగు దిక్కులకి, ఒకటి ఫైర్ బటన్‌కి. ఆరో వైరు గ్రౌండ్, అంటే ఐదింటికీ ఉమ్మడిగా కరెంటు తిరిగి వెళ్లే దారి. కర్రని ఎటు వంచితే అటువైపు స్విచ్ ఆ దిక్కు వైరుని గ్రౌండ్‌కి కలుపుతుంది. గుమ్మం పక్కనుండే కాలింగ్‌బెల్ స్విచ్ చేసే పనే ఇది. ఒకే డబ్బాలో ఐదు ఉన్నాయనుకోండి.

ఈ ఐదు స్విచ్‌ల మీద ఆ రోజుల్లో డజన్ల కొద్దీ కంపెనీలు బతికాయి. వాటి గురించే ఈ సాయంత్రం నా ప్రసంగం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్లగ్‌లో దాపరికం ఏమీ లేదు కాబట్టే అన్ని రకాల జాయ్‌స్టిక్‌లు వచ్చాయి. అందులో పేరు తెచ్చుకున్నవి మాత్రం చాలావరకు ఆకారం మీద కాకుండా లోపలి స్విచ్ మీద ఖర్చు పెట్టినవే.

ముందు ప్లగ్ సంగతి. తొమ్మిది పిన్నులు. 1 పైకి, 2 కిందికి, 3 ఎడమకి, 4 కుడికి, 6 ఫైర్, 8 గ్రౌండ్. 5, 9 పిన్నులు పాడిల్ అనే గుండ్రంగా తిప్పే కంట్రోలర్ కోసం. 7లో 5 వోల్టుల కరెంటు వస్తుంది. ఇది అటారీ ప్రత్యేకంగా కనిపెట్టిన ప్లగ్ కాదు, మార్కెట్‌లో ఎవరికైనా దొరికే రకం. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చిన కుర్రాడు ఒక మధ్యాహ్నంలో సొంత జాయ్‌స్టిక్ చేసుకోగలడు. కుర్రాడు చేయగలిగింది ఫ్యాక్టరీ చేయలేదా?

అదే సమయంలో మాటెల్ కంపెనీ ఇంటెలివిజన్ అనే కన్సోల్ తెచ్చింది. దాని మొదటి మోడల్‌లో కంట్రోలర్ వైర్లు నేరుగా పెట్టె లోపలికి వెళ్లిపోయేవి, బయట ప్లగ్ లేదు. దాని మీద తిప్పడానికి గుండ్రటి డిస్క్ ఉండేది, అది చాలామందికి నచ్చలేదు. కానీ బయటి కంపెనీలు ఏం చేయగలవు? ఆ డిస్క్ మీద తగిలించుకునే చిన్న ప్లాస్టిక్ కర్రలు అమ్మారు, అంతకుమించి దారి లేదు. ఇంటెలివిజన్ 2 వచ్చాకే కంట్రోలర్ ఊడదీసే వీలు కలిగింది.

ఇప్పుడు అటారీ సొంత జాయ్‌స్టిక్ దగ్గరికి వద్దాం. మొదట వచ్చినది సీఎక్స్10. ఖర్చు తగ్గించి చేసినది సీఎక్స్40. నల్లటి చదరపు డబ్బా, రబ్బరు తొడుగున్న కర్ర, ఎడమ మూలన ఎర్ర బటన్, మీరు బొమ్మల్లో చూసే ఉంటారు. చూడ్డానికి బాగుంటుంది. ఆడితే అరచెయ్యి నొప్పి పుడుతుంది. బోర్డు మీద స్విచ్‌లుగా ఉన్నవి బొడిపెల్లాంటి పల్చటి లోహపు రేకులు. కర్రకి ఉన్న ప్లాస్టిక్ వాటిని నొక్కాలి. కొన్నాళ్లకి ఆ ప్లాస్టిక్ విరుగుతుంది, లేదా వైరు డబ్బాలోకి వెళ్లే చోట తెగుతుంది. ఎక్కువగా పోయేది ఎటువైపో ఆ ఇంట్లో ఏ గేమ్ ఆడేవాళ్లో చూస్తే తెలిసిపోతుంది.

1983లో యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీ నుంచి డేవిడ్ క్రేన్ చేసిన డెకాథ్లాన్ గేమ్ వచ్చింది. అందులో పరిగెత్తాలంటే కర్రని ఎడమకీ కుడికీ ఎంత వేగంగా ఊపగలిగితే అంత వేగంగా ఊపాలి. 400 మీటర్ల పరుగు అయ్యేసరికి ముందు అలసిపోయేది ఆడేవాడి చెయ్యా, జాయ్‌స్టిక్కా అన్నదే అసలు పోటీ. ఆ గేమ్ పుణ్యమా అని ఎన్ని కొత్త జాయ్‌స్టిక్‌లు అమ్ముడయ్యాయో ఊహించుకోండి.

ఈ చోటే వైకో లాంటి కంపెనీ దూరింది. చికాగో పక్కన నైల్స్ అనే ఊళ్లో ఉన్న ఈ కంపెనీ అసలు వ్యాపారం పిన్‌బాల్, ఆర్కేడ్ యంత్రాలకి విడిభాగాలు సరఫరా చేయడం. నాణెం వేసి ఆడే యంత్రం ఒక రోజు పని చేయకపోతే యజమానికి ఆ రోజు ఆదాయం పోతుంది. ఆ యంత్రం మీద ముక్కూ మొహం తెలియనివాళ్లు రోజంతా గుద్దుతారు, లాగుతారు. అలాంటి చోట నిలబడే స్విచ్ ఎలా ఉండాలో వైకోకి బాగా తెలుసు. అదే స్విచ్ తెచ్చి ఇంటి జాయ్‌స్టిక్‌లో పెట్టారు. కమాండ్ కంట్రోల్ అని పేరు. ఒక రకానికి బేస్‌బాల్ బ్యాట్‌లాంటి పిడి, ఇంకో రకానికి ఎర్ర బంతి. ఫైర్ బటన్ పిడి మీదా ఉంటుంది, కింద డబ్బా మీదా ఉంటుంది. ఏది కావాలో చిన్న మీట జరిపి ఎంచుకోవచ్చు. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. ధర కూడా అటారీ దానికంటే బాగా ఎక్కువే.

లోపలున్నది లీఫ్ స్విచ్. రెండు సన్నటి లోహపు రేకులు పక్కపక్కన ఉంటాయి. కర్ర ఒకదాన్ని తోస్తే అది రెండోదాన్ని తాకుతుంది. విరగడానికి పెద్దగా ఏమీ లేదు. కాంటాక్ట్ సరిగా లేకపోతే రేకుని కాస్త వంచితే సరి. మురికి పడితే రెండు రేకుల మధ్య కాగితం ముక్క పెట్టి లాగితే శుభ్రమవుతుంది. శబ్దం ఉండదు. తర్వాత వచ్చిన మైక్రోస్విచ్ దీనికి పూర్తిగా వేరు. లోపల స్ప్రింగ్ ఒక హద్దు దాటగానే టిక్కుమని అటు పడుతుంది. మీ వేలికీ, చెవికీ కూడా "పని అయింది" అని తెలుస్తుంది. ఏది మంచిదని అభిమానులు నలభై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. నా ఓటు లీఫ్‌కే. మైక్రోస్విచ్ గెలిపించదని కాదు, రాత్రి పదిన్నరకి పక్క గదిలో వాళ్లు నిద్రపోతున్నప్పుడు ఆ టిక్‌టిక్‌ని ఎవరు భరిస్తారు?

సన్‌కామ్ కంపెనీ చేసిన టాక్‌-2 ఇంకా తెలివైనది. అందులో విడిగా స్విచ్‌లే లేవు. లోహపు కర్ర కింది భాగమే నేరుగా కాంటాక్టులని తాకుతుంది. మధ్యలో పాడయ్యేది ఏదీ లేనట్టే. ఫిన్లాండ్, స్వీడన్ దేశాల్లో కమడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ మీద ఆడినవాళ్లని అడిగితే ఇప్పటికీ ముందు చెప్పే పేరు ఇదే.

స్పెక్ట్రావీడియో వాళ్ల క్విక్‌షాట్ దీనికి సరిగ్గా ఎదురు. యుద్ధవిమానం పైలట్ పట్టుకునేలాంటి పిడి, వేలికి ట్రిగ్గర్, కింద బల్లకి అంటుకోవడానికి నాలుగు రబ్బరు కప్పులు. పెట్టె మీద బొమ్మ చూసి ఏ పిల్లాడైనా ఇదే కావాలంటాడు. కానీ పిడి పొడుగెక్కువైతే చెయ్యి ఎక్కువ దూరం కదలాలి. గేమ్‌లో మాత్రం దిక్కు మారడానికి కావలసింది ఒక్క చిన్న స్పర్శ. విమానం నడుపుతున్నట్టుంటుంది, ఆట ఓడిపోతారు. తర్వాత వచ్చిన క్విక్‌షాట్ 2లో ఆటోఫైర్ పెట్టారు. బటన్ నొక్కి పట్టుకుంటే చాలు, లోపలి చిన్న సర్క్యూట్ దానంతటదే పదే పదే ఫైర్ కొడుతుంది. దానికి కరెంటు కావాలి కదా, అది 7వ పిన్ను నుంచి వస్తుంది. అటారీ ఆ పిన్నుని పాడిల్ కోసం పెట్టింది, ఇంకొకరు దాన్ని ఇలా వాడుకున్నారు.

వింతలు కూడా తక్కువేం కావు. డేటాసాఫ్ట్ అమ్మిన లే స్టిక్‌కి అడుగున డబ్బానే లేదు. గాల్లో పట్టుకుని ఒంచడమే. లోపల పాదరసం స్విచ్‌లు, ఒంపుకి పాదరసం జారి కాంటాక్ట్ కలుస్తుంది. చెయ్యి వణికినా గేమ్‌లో బొమ్మ కదులుతుంది. ఎవరైనా పాత సామాన్ల మధ్య ఇది దొరికితే దయచేసి విప్పొద్దు. అమీగా కంపెనీ కంప్యూటర్ చేయకముందు జాయ్‌బోర్డ్ అనే పలక అమ్మింది. దాని మీద నిలబడి ఒళ్లు అటూ ఇటూ ఒంచాలి. ఆట వస్తువుగా అంతగా ఆడలేదు. అయితే ఆ కంపెనీ ఇంజినీర్లు పని టెన్షన్‌లో దాని మీద కదలకుండా కూర్చునే పోటీ పెట్టుకునేవారట. అందులోంచే వాళ్ల కంప్యూటర్ ఆగిపోయినప్పుడు వచ్చే "గురు మెడిటేషన్" అనే సందేశం పుట్టింది.

ఎడమచేతివాటం వాళ్ల గురించి ఒక మాట. సీఎక్స్40 బటన్ ఎడమ మూలన ఉంది కాబట్టి కర్రని కుడి చేత్తోనే పట్టుకోవాలి. అయితే లోపలి వైర్లు సోల్డర్ చేసినవి కావు, లాగితే ఊడొచ్చే క్లిప్పులు. డబ్బాని పావు వంతు కుడికి తిప్పితే బటన్ కుడి మూలకి వస్తుంది. పాత "పైకి" స్విచ్ ఇప్పుడు కుడివైపు ఉంటుంది, కాబట్టి కుడి వైరు తీసి దానికి తగిలించాలి. మిగతా మూడూ అలాగే. స్క్రూడ్రైవర్ ఒక్కటే చాలు. ఈ తరం కంట్రోలర్లలో ఏదైనా దానితో ఇలా చేయగలమా?

1983లో అమెరికా వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలింది. కన్సోళ్లు అమ్ముడుపోలేదు. జాయ్‌స్టిక్ కంపెనీలు కూడా మునిగిపోవాలి. చాలావాటిని కాపాడింది అదే తొమ్మిది పిన్నుల ప్లగ్. అటారీ 400, 800 కంప్యూటర్లకీ, కమడోర్ విక్‌-20కీ, 64కీ, తర్వాత అమీగాకీ అదే సరిపోయింది. కన్సోల్‌కి చేసిన జాయ్‌స్టిక్‌ని పెట్టె మీద పేరు మార్చి కంప్యూటర్‌కి అమ్మారు. బ్రిటన్‌లో కాయిన్ కంట్రోల్స్ చేసిన కాంపిటిషన్ ప్రో, వేల్స్‌లో కోనిక్స్ చేసిన స్పీడ్‌కింగ్ ఈ దారిలోనే పెరిగాయి. అరచేతిలో ఇమిడే ఆ కోనిక్స్ రకాన్నే అమెరికాలో ఎపిక్స్ తన పేరుతో 500ఎక్స్‌జే అని అమ్మింది. అదీ మైక్రోస్విచ్‌లదే.

తలుపు మూయాలని చూసినవాళ్లూ ఉన్నారు. ఆమ్‌స్ట్రాడ్ సంస్థ సింక్లెయిర్ కంపెనీ స్పెక్ట్రమ్ కంప్యూటర్ల వ్యాపారాన్ని కొన్నాక తెచ్చిన +2 మోడల్‌లో ప్లగ్ ఆకారం అదే, లోపలి పిన్నుల వరస మాత్రం వేరు. మామూలు జాయ్‌స్టిక్ పెడితే పని చేయదు, వాళ్లదే కొనాలి. జనం ఏం చేశారు? వరస మార్చే చిన్న అడాప్టర్ కొనుక్కున్నారు. అటారీకే ఇలాంటి అనుభవం ముందే అయింది. 1982లో తెచ్చిన 5200 కన్సోల్ జాయ్‌స్టిక్ వదిలేస్తే మధ్యలోకి తిరిగి రాదు, త్వరగా పాడైపోయేది. వైకో దానికి మధ్యలోకి వచ్చే కర్ర చేసి అమ్మింది. ఇంకొకరు మాస్టర్‌ప్లే అనే అడాప్టర్ చేశారు. దాంతో కొత్త 5200కి పాత 2600 జాయ్‌స్టిక్ తగిలించుకోవచ్చు.

1990లలో మన ఊళ్లలో వేసవి సెలవుల్లో కాసెట్ వేసి మారియో, కాంట్రా ఆడినవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. ఆ ఆటల పెట్టెలు జపాన్ నింటెండో కంపెనీ ఫామికామ్ కన్సోల్‌కి నకళ్లు. వాటిలో చాలావాటికి ఉన్నది కూడా ఈ తొమ్మిది పిన్నుల ఆకారమే. లోపలి పద్ధతి మాత్రం వేరు. నింటెండో కంట్రోలర్‌లో షిఫ్ట్ రిజిస్టర్ ఉంటుంది. ఎనిమిది బటన్ల సంగతి ఒకే వైరు మీద ఒకదాని తర్వాత ఒకటి పంపుతుంది. ఆకారం కలిసింది కదా అని అటారీ జాయ్‌స్టిక్ దానికి పెడితే పని చేయదు.

ఇలాంటి పొరపాటు ఇంకోచోట ఖరీదవుతుంది. సెగా కంపెనీ జెనెసిస్ కన్సోల్ కంట్రోలర్‌ని అటారీ 2600కి పెడితే దాని బీ బటన్ ఫైర్‌గా పని చేస్తుంది, చాలామంది ఇలాగే ఆడతారు. కానీ అదే కంట్రోలర్‌ని కమడోర్ 64కి పెట్టొద్దు. సెగా దాంట్లో చిప్ ఉంది, అది వైర్ల మీదకి తానే వోల్టేజ్ పంపుతుంది. కమడోర్‌లో ఆ వైర్లే కీబోర్డుకి కూడా పని చేస్తాయి కాబట్టి లోపలి చిప్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్లకి: 2023లో వచ్చిన అటారీ 2600+కి కూడా పాత ప్లగ్గే ఉంది, పాత జాయ్‌స్టిక్‌లు దానికి పెట్టుకోవచ్చు. పాత సీఎక్స్40 కొంటే కొత్త బోర్డులు విడిగా దొరుకుతాయి, మార్చుకోండి. వైకో దొరికితే బేరమాడకుండా తీసుకోండి. క్విక్‌షాట్ షెల్ఫ్‌లో పెట్టుకోవడానికి బాగుంటుంది. కరెంటు కనెక్షన్ చూసే మల్టీమీటర్ పెట్టి 8వ పిన్నుకీ మిగతావాటికీ మధ్య ఒక్కో దిక్కూ తనిఖీ చేసి కొనండి, రెండు నిమిషాల పని. ఇక ప్రశ్నలుంటే అడగండి.