మాలిక్యులర్ మోడల్ కిట్ రివ్యూ: రెసిమిక్ మిశ్రమం చేతికందింది

నమస్తే అండీ. ఇవాళ నా ముందున్నది బాల్ అండ్ స్టిక్ మోడల్ కిట్. నల్ల బంతి కార్బన్, ఎర్రది ఆక్సిజన్, తెల్లవి హైడ్రోజన్, నీలం నైట్రోజన్. దీన్ని ఒకే ఒక్క ప్రశ్నతో పరీక్షించాను. ఎసిటాల్డిహైడ్‌కి హైడ్రోజన్ సయనైడ్ కలిస్తే సయనోహైడ్రిన్ వస్తుంది. అందులో కైరల్ కార్బన్, అంటే నాలుగు వేర్వేరు గుంపులు పట్టుకున్న కార్బన్ ఉంది. మరి అది పోలరైజ్డ్ లైట్‌ని (ఒకే తలంలో కంపించే కాంతిని) ఎందుకు తిప్పదు?

"రెసిమిక్ మిశ్రమం కాబట్టి" (అంటే అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలూ సమానంగా కలిసినది) అని రాస్తే మార్కులు పడతాయి. నేనూ ఏళ్ల తరబడి అదే రాశాను. అలా ఎందుకు వస్తుందో మాత్రం ఈ కిట్ పట్టుకున్నాకే నాకు అర్థమైంది.

ఇదిగో, ఎసిటాల్డిహైడ్. దగ్గరగా చూపిస్తాను. కార్బొనిల్ కార్బన్‌కి (ఆక్సిజన్‌తో డబుల్ బాండ్ ఉన్న కార్బన్‌కి) ఉన్న ఆక్సిజన్, హైడ్రోజన్, మిథైల్ (CH3) కార్బన్ మూడూ ఒకే తలంలో ఉన్నాయి. డబుల్ బాండ్ కోసం పెట్టిన రెండు స్ప్రింగుల్లో ఒకటి తలానికి పైన, ఒకటి కింద వంగి ఉంది. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది కాబట్టి సయనైడ్ (కార్బన్, నైట్రోజన్ జంట) వచ్చి ఈ కార్బన్‌నే పట్టుకుంటుంది. ఏ వైపు నుంచి? పైన అడ్డం లేదు, కిందా లేదు.

పై స్ప్రింగు ఊడదీస్తున్నాను. ఖాళీ అయిన రంధ్రంలో సయనైడ్ ముక్క పెట్టాను. రెండో మోడల్‌లో కింది స్ప్రింగు తీసి, అక్కడ పెట్టాను. ఇప్పుడు రెండిటినీ ఒకదానిమీద ఒకటి పెట్టండి చూద్దాం. ఎర్ర బంతులూ నీలం బంతులూ కలిశాయంటే హైడ్రోజనూ మిథైలూ చోట్లు మారిపోతాయి. ఎంత తిప్పినా అంతే. ఇవి అద్దంలో ప్రతిబింబాలు, ఎనాన్షియోమర్లు. పైనుంచి ఎన్నో కిందనుంచీ అన్నే వస్తాయి. ఒకటి కాంతిని కుడికి ఎంత తిప్పితే రెండోది ఎడమకి అంతే తిప్పుతుంది. మొత్తం సున్నా!

అదే అసిటోన్‌తో చేస్తే రెండు మోడల్స్ చక్కగా ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. రెండు మిథైల్స్ ఉన్నాయి కదా, కైరల్ కార్బన్ పుట్టదు.

నాకు బాగా నచ్చేది దీని తర్వాతి కథ. ఈ సయనోహైడ్రిన్‌ని జలవిశ్లేషణ చేస్తే లాక్టిక్ ఆమ్లం వస్తుంది, అదీ రెసిమిక్‌గానే. మన కండరాలు కూడా గ్లూకోజ్ విరిగితే వచ్చే పైరువేట్‌లోని కార్బొనిల్ నుంచి లాక్టేట్ తయారుచేస్తాయి. కానీ అక్కడ ఎంజైమ్ హైడ్రైడ్‌ని (రెండు ఎలక్ట్రాన్లతో వచ్చే హైడ్రోజన్‌ని) ఒక్క వైపు నుంచే రానిస్తుంది. అందుకే రెండు అద్దపు రూపాల్లో ఎల్ అనే రూపం ఒక్కటే వస్తుంది. ఫ్లాస్కులో లేని కాపలా అక్కడ ఉందన్నమాట.

1874లో కార్బన్ బంధాలు చతుర్ముఖి మూలల వైపు ఉంటాయని చెప్పిన డచ్ రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్ కూడా కాగితపు నమూనాలు చేసి తోటి శాస్త్రవేత్తలకు పంపాడు. బొమ్మ గీస్తే చాలదని ఆయనకీ అనిపించి ఉంటుంది.

లోపాలూ చెప్పాలి. కార్బొనిల్ దగ్గర కోణాలు 120 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. ఈ నాలుగు రంధ్రాల బంతిలో హైడ్రోజన్‌కీ మిథైల్‌కీ మధ్య 109.5 దగ్గరే ఆగిపోతుంది. పైగా రెండు స్ప్రింగులూ ఒకేలా ఉండటంతో డబుల్ బాండ్‌లోని సిగ్మా (σ), పై (π) అనే రెండు రకాల బంధాల తేడా కనిపించదు. అది పుస్తకంలోనే చదువుకోవాలి.

కొనేటప్పుడు ఒకే అణువుని రెండుసార్లు కట్టడానికి సరిపడా బంతులున్నాయో లేదో లెక్కపెట్టుకోండి. ఒక్కటే కడితే ఈ పోలిక కుదరదు. చేతికి రాగానే బ్యూటనోన్ కట్టి, ఇదే స్ప్రింగు పని రెండు వైపులా చేసి, ఏమొచ్చిందో కామెంట్‌లో రాయండి.