ఎగరని విమానం ఖరీదు

అందరికీ నమస్కారం.

విమానం టిక్కెట్టు కొనేటప్పుడు ఏ సంస్థను ఎంచుకోవాలన్నది నాకు అప్పగించిన విషయం. సీట్ల మెత్తదనం గురించి, లోపల అమ్మే తినుబండారాల గురించి నేను మాట్లాడబోవడం లేదు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి గంటా పావు ప్రయాణం. ఆ కాసేపటికి ఏ సీటయినా ఒకటే. జీతంలోంచి నెలనెలా కొంత పక్కన పెట్టి టిక్కెట్టు కొనేవారి కోసం మాట్లాడతాను. అలాంటివారు ధర చూడకముందే వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ విమానం ఆ రోజు ఎగరకపోతే నా పరిస్థితి ఏమిటి?

డబ్బున్నవారికి ఈ ప్రశ్నతో పెద్దగా పనిలేదు. విమానం రద్దయితే మరో సంస్థ కౌంటరుకు వెళ్లి, అడిగినంత చెల్లించి ఎక్కేస్తారు. ఎనిమిది వందలు తగ్గిందని వెతికి వెతికి కొన్న మనిషి ఆ పని చేయలేడు. రద్దయిన టిక్కెట్టు డబ్బు ఎప్పటికో తిరిగి వస్తుంది, కొత్త టిక్కెట్టు డబ్బు మాత్రం అప్పటికప్పుడు కట్టాలి. అందుకే చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారికే నమ్మదగిన సంస్థ ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇది ఊరికే పుట్టిన భయం కాదు. మన దేశంలో చౌక విమానాల కథ 2003లో కెప్టెన్ గోపీనాథ్ పెట్టిన ఎయిర్ డెక్కన్‌తో మొదలైంది. విమానం ముఖం చూడని లక్షలాది మందిని ఆయన విమానం ఎక్కించారు. ఆ మేలు మరచిపోకూడదు. తర్వాత ఆ సంస్థ కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. మన ట్రూజెట్‌నే చూడండి. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైంది. 2017లో చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం ప్రారంభమైన రోజునే కడప, హైదరాబాద్‌ల మధ్య ఎగిరింది. రాయలసీమ వాసులకు ఎంతో అక్కరకొచ్చిన ఆ సంస్థ కూడా 2022లో మూతపడింది.

ఇలా ఆగిన ప్రతిసారీ ముందే టిక్కెట్లు కొన్నవారి డబ్బు లోపల చిక్కుకుపోయింది. టిక్కెట్టు కొన్న రోజు నుంచి విమానం ఎక్కే రోజు దాకా మన డబ్బు ఆ సంస్థకు వడ్డీ లేని అప్పు. సంస్థ దివాలా తీస్తే బ్యాంకులు హామీ కాగితాలు పట్టుకుని ముందు వరుసలో నిలబడతాయి. ప్రయాణికుడి చేతిలో మిగిలేది ఫోనులో ఒక సందేశం. కాబట్టి ఉద్యోగులకు జీతాలు ఆలస్యమవుతున్నాయని, అద్దె కట్టక విమానాలను వెనక్కి తీసుకుంటున్నారని వార్తలు వచ్చే సంస్థ ఆరు నెలల తర్వాతి ప్రయాణానికి సగం ధర అంటే నేను కొనను. వచ్చే వారం ప్రయాణానికైతే ఆలోచిస్తాను. కొన్నా క్రెడిట్ కార్డుతోనే కొంటాను, ఎందుకంటే సేవ అందలేదని బ్యాంకుకు ఫిర్యాదు చేసి ఆ మొత్తాన్ని వెనక్కి అడిగే వీలు అందులో ఉంటుంది.

అయితే పెద్ద సంస్థ అయితే చాలు, నిశ్చింతగా ఉండవచ్చా? 2025 డిసెంబరు దానికి జవాబు చెప్పింది. దేశీయ ప్రయాణికుల్లో నూటికి అరవై మందికి పైగా ఎక్కే ఇండిగో, పైలట్ల విశ్రాంతి వేళలపై వచ్చిన కొత్త నిబంధనలకు సరిపడా సిబ్బందిని సిద్ధం చేసుకోలేదు. కొద్ది రోజుల్లోనే వేల విమానాలు రద్దయ్యాయి. మిగిలిన సంస్థల్లో అంతమందికి సీట్లు లేవు, ఉన్న సీట్ల ధరలు ఆకాశాన్ని అంటాయి. చివరికి ప్రభుత్వం కలగజేసుకుని 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500 రూపాయలు, ఎంత దూరమైనా 18,000 మించకూడదని తాత్కాలికంగా హద్దు పెట్టవలసి వచ్చింది. ఒకే సంస్థ మీద దేశం ఇంతగా ఆధారపడడం ప్రయాణికులకు మంచిది కాదు. రెండో సంస్థ, మూడో సంస్థ బతికి ఉండడం మన అవసరం. ధరలో రెండు మూడు వందల తేడాయే ఉంటే నేను చిన్న సంస్థ వైపే మొగ్గుతాను, దాని ఆర్థిక పరిస్థితి బాగుందన్న నమ్మకం ఉంటేనే సుమా.

మరి ఏమిటి కొలత? నేను మొదట చూసేది, నేను వెళ్లే దారిలో ఆ సంస్థకు ఆ రోజు ఎన్ని విమానాలున్నాయన్నది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకో బెంగళూరుకో అయితే ఒకటి తప్పినా అదే సంస్థ విమానం మరికొన్ని గంటల్లో ఉంటుంది. రోజుకు ఒకటే ఉన్న దారిలో అది తప్పితే మర్నాడే. ఆ తర్వాత చూసేది వేళ. ఉదయం మొదటి విమానం చాలావరకు రాత్రే వచ్చి అక్కడ నిలిచి ఉంటుంది. సాయంత్రం విమానం అప్పటికే నాలుగైదు ఊళ్లు తిరిగి, ప్రతి ఊళ్లోనూ కాస్త కాస్త ఆలస్యాన్ని మూటగట్టుకుని వస్తుంది. పెళ్లికో, పరీక్షకో, ఇంటర్వ్యూకో వెళ్లేవారు సాయంత్రం విమానం చౌకగా ఉందని దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇక సామాను. శంషాబాద్‌లో సామాను తీసుకునే కౌంటర్ల దగ్గర ఒక పావుగంట నిలబడితే చాలు. పెట్టె కాటా మీద పెడతారు, అంకె పదిహేడున్నర చూపిస్తుంది. పదిహేను కిలోల వరకే ఉచితం. వెంటనే ఆ పక్కనే నేల మీద పెట్టె తెరుచుకుంటుంది. చీరలు బయటికి వస్తాయి, నాలుగు పొరల ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన ఆవకాయ సీసాను ఆ తల్లి చేత్తో పట్టుకుని ఎటు సర్దాలో తోచక చూస్తుంది, కొడుకు స్వెట్టరు తీసి వేసుకుంటాడు, వెనక వరుసలో ఉన్నవారు గడియారం చూసుకుంటారు. చివరికి కిలోకు వందల రూపాయల చొప్పున కట్టి వెళతారు. టిక్కెట్టులో ఆదా చేసిందంతా అక్కడే పోతుంది. అదే అదనపు బరువును ఇంటి దగ్గరే ముందుగా కొనుక్కుంటే తక్కువలో అయిపోతుంది. 2021 నుంచి పెట్టె లేని ప్రయాణికుడికి ధర తగ్గించి అమ్ముకోవడానికి మన దేశంలో అనుమతి ఉంది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో ఎక్స్‌ప్రెస్ లైట్ అనే టిక్కెట్టు అలాంటిదే. భుజాన సంచి వేసుకుని వెళ్లేవారికి అది నిజంగా లాభం. పెట్టె ఉన్నవారు మాత్రం తెర మీద మొదట కనిపించే ఆ అంకెను నమ్మవద్దు. పెట్టె, సీటు, మనిషికింతని వేసే సౌకర్య రుసుము, అన్నీ కలిపాక చివరి పేజీలో తేలే అంకెలనే పక్కపక్కన పెట్టి పోల్చండి.

విమానాశ్రయం ఎక్కడుందన్నది కూడా ధరలో భాగమే. గోవాకు రెండు విమానాశ్రయాలున్నాయి. ఉత్తరాన మోపా, దక్షిణం వైపు దబోలిం. దక్షిణ గోవాలో బస పెట్టుకుని మోపాకు చౌక టిక్కెట్టు కొంటే మిగిలింది టాక్సీకి పోతుంది. విజయవాడ నుంచి హైదరాబాద్‌కైతే అసలు విమానమే వద్దంటాను. గన్నవరం వెళ్లడం, శంషాబాద్ నుంచి ఊళ్లోకి రావడం కలిపితే బస్సుకీ దానికీ పెద్ద తేడా ఉండదు.

విదేశీ ప్రయాణంలో మాత్రం చౌకబేరం మరీ ప్రమాదకరం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ముంబయి దాకా ఒక టిక్కెట్టు, అక్కడి నుంచి వేరే సంస్థలో ఇంకో టిక్కెట్టు కొంటే పది పదిహేను వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. రెండూ వేర్వేరు టిక్కెట్లు కాబట్టి మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. సామాను కూడా మధ్యలో తీసుకుని మళ్లీ అప్పగించాలి. ఆ మార్పు వేరే దేశంలో అయితే వీసా చిక్కు అదనం. ఇంగ్లీషు అంతగా రాని డెబ్బై ఏళ్ల మనిషిని ఆ పరిస్థితిలోకి నెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఒకే టిక్కెట్టు మీద చివరి ఊరి దాకా వెళ్లేలా కొనండి, మధ్యలో మారడానికి మూడు గంటలైనా ఉండేలా చూడండి. తప్పిపోతే వేరే విమానం ఎక్కించే పూచీ అప్పుడు సంస్థదే. ఒక్కసారే మారితే మేలు. దానికి కాస్త ఎక్కువైనా పెట్టవచ్చు.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లే సోదరులకు ఒక మాట. టిక్కెట్టు ఏజెంటు దగ్గర కొన్నా, అందులో నమోదు చేసే ఫోను నంబరు మీదే అయి ఉండాలి. విమానం రద్దయిందనో వేళ మారిందనో సంస్థ పంపే సందేశం ఆ నంబరుకే వెళుతుంది. ఏజెంటు నంబరు ఉంటే ఆ సందేశం అతని ఫోనులోనే ఉండిపోతుంది. మీరు అర్ధరాత్రి బస్సెక్కి శంషాబాద్ వచ్చాక గానీ సంగతి తెలియదు. పైగా, సరైన ఫోను నంబరు ఇవ్వని ప్రయాణికుడికి రద్దుకు పరిహారం ఇవ్వనక్కర్లేదని విమాన సంస్థలను నియంత్రించే పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనల్లోనే ఉంది.

ఆ నిబంధనలు మన పక్షాన చెప్పేవి కూడా ఉన్నాయి, సిగ్గుపడకుండా అడగండి. సంస్థ విమానాన్ని రద్దు చేస్తే వేరే విమానమో పూర్తి డబ్బో ఇవ్వాలి. మరీ ఆలస్యంగా చెప్పి, సరైన వేరే విమానం కూడా చూపకపోతే, ప్రయాణ సమయాన్ని బట్టి 5,000 నుంచి 10,000 రూపాయల వరకు పరిహారం ఉంటుంది. మూల ధర, ఇంధన రుసుము కలిపిన మొత్తం అంతకన్నా తక్కువైతే ఆ మొత్తమే ఇస్తారు. వాతావరణం లాంటి కారణాలకు ఈ పరిహారం వర్తించదు. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, రెండు గంటలు ఆలస్యమైతే తినడానికి ఇవ్వాలి. మనమే రద్దు చేసుకున్నా, ఎంత చౌక టిక్కెట్టయినా, పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలి. చాలామంది అంతా పోయిందనుకుని ఆ డబ్బు అడగనే అడగరు. కౌంటరులో బోర్డింగ్ పాసు ఇవ్వడానికి డబ్బు తీసుకోకూడదని 2022లోనే కేంద్ర పౌర విమానయాన మంత్రిత్వ శాఖ చెప్పింది. సంస్థ వినకపోతే ఆ శాఖ నడిపే ఎయిర్‌సేవ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టవచ్చు. టిక్కెట్టు, వచ్చిన సందేశాలు, విమానాశ్రయంలో పెట్టిన ఖర్చుల రసీదులు ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి, ఫిర్యాదుకు అవే బలం.

మీలో వచ్చే నెలల్లో ప్రయాణాలున్నవారు దారి, తేదీ, సామాను బరువు చెబితే మనం ఇక్కడే కూర్చుని చివరి ధరలు పోల్చి చూద్దాం.